షూ కంటే ముందు స్కోహజ్

షూ మనకు ఇంగ్లీషు నుంచి వచ్చింది. మరి ఇంగ్లీషువాళ్లకు? జర్మన్‌లోనూ అది షూయే. స్వీడిష్‌లో స్కూ. డచ్‌వాళ్లు వాడే స్ఖూన్ అసలు బహువచనం. ఆ సంగతి మరిచిపోయి దాన్నే ఏకవచనం చేసుకుని, పైన ఇంకో బహువచన ప్రత్యయం తగిలించారు, మనలో కొందరు ‘షూస్‌లు’ అన్నట్టు.

వీటిలో పాత రూపం ఈ భాషలకు చుట్టమైన, ఇప్పుడు అంతరించిన గోతిక్ భాషలో దొరుకుతుంది. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ బైబిలును గోతిక్‌లోకి అనువదించాడు. యేసు చెప్పుల పట్టీ విప్పడానికి కూడా తాను తగనని యోహాను చెప్పే చోట ‘స్కోహె’ అని ఉంటుంది, అంటే ‘చెప్పుల’ అని. ఊదారంగు తోలు కాగితాల మీద వెండి సిరాతో తర్వాతి కాలంలో రాసిన దాని ప్రతి ఒకటి ఇప్పుడు స్వీడన్‌లోని ఉప్సాలాలో ఉంది.

ఈ రూపాలన్నీ పోల్చి చూసి భాషావేత్తలు కట్టిన మూలరూపం ‘స్కోహజ్’. ఈ భాషలన్నిటికీ తల్లి అయిన, సుమారు 2000 ఏళ్ల కిందటి ప్రోటో జర్మానిక్ మాట ఇది. ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి ముందు ఒక నక్షత్రం గుర్తు పెడతారు.

అక్కడి నుంచి ఇంకా వెనక్కి వెళితేనే చిక్కు. జర్మన్ భాషావేత్త యాకోబ్ గ్రిమ్ 1822లో వివరించిన సూత్రం ప్రకారం, లాటిన్, సంస్కృతాలకు కూడా మూలమైన పాత భాషలోని ‘క’ జర్మానిక్‌లో ‘హ’ అయింది. గుండె అని అర్థమున్న లాటిన్ ‘కోర్’, ఇంగ్లీషు ‘హార్ట్’ అలాంటి జంటే. ‘స’ పక్కన ఉన్న ‘క’ మాత్రం మారదు. కాబట్టి స్కోహజ్‌లో మొదటి ‘క’ మిగిలింది, రెండోది ‘హ’ అయింది. అంటే అంతకుముందు అది ‘స్కోకోస్’ లాంటి మాటై ఉండాలి.

‘కప్పు’ అనే అర్థమున్న ‘స్కెవ్’ ధాతువు నుంచి వచ్చిందని ఒక వాదం. సంస్కృతంలో ‘స్కునాతి’ అంటే కప్పుతుంది. అర్థం చక్కగా అతుకుతుంది. ఉత్తర జర్మనీలోని డామెన్‌డార్ఫ్ దగ్గర 1900లో బురదనేలలో దొరికిన ఇనుపయుగపు మనిషి పక్కన తోలు చెప్పులు కూడా ఉన్నాయి. చలిదేశంలో పాదాన్ని కప్పాలి మరి. కానీ ఆ ధాతువులోని ‘వ్’ స్కోహజ్‌లో ఎక్కడికి పోయిందో చెప్పడం కష్టం.

రెండో వాదం ‘స్కెక్’ ధాతువుది. దాని అర్థం గెంతడం, చురుగ్గా కదలడం. రష్యన్‌లో గెంతుకు ‘స్కోక్’ అంటారు. జర్మన్‌లో ‘జరగడం’ అనే అర్థమిచ్చే ‘గెషేయెన్’ కూడా ఈ ధాతువుదే. ఇది తెలుగువాళ్లకు వింతగా తోచదు. ‘కాస్త జరగండి’ అన్నా, ‘ఏం జరిగింది’ అన్నా మనకు ఒకే క్రియ.

ధ్వనుల లెక్క ఈ వాదానికే బాగా కుదురుతుంది కాబట్టి నేను ఇటే మొగ్గుతాను. అయితే ‘గెంతు’ నుంచి ‘చెప్పు’కు అర్థం ఎలా మళ్లిందో చూపించే పాత వాక్యం ఒక్కటీ దొరకలేదు.