పల్లవి మళ్ళీ మళ్ళీ రాయరు కదా

బుజ్జీ, చిన్నీ,

మీరిద్దరూ కలిసి రాసిన మార్కుల ప్రోగ్రాం నిన్న రాత్రి కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. నడుస్తోంది, చాలా సంతోషంగా ఉంది. పదో తరగతి ఆరు సబ్జెక్టుల మార్కులూ తీసుకుని పాసో ఫెయిలో చెప్తోంది. కానీ లోపల చూస్తే తెలుగుకి రాసిన ఎనిమిది లైన్లనే కాపీ చేసి హిందీకి, ఇంగ్లిష్‌కి, లెక్కలకి, సైన్సుకి, సోషల్‌కి అతికించుకుంటూ పోయారు. మార్కు 0 కంటే తక్కువ ఉందా, 100 దాటిందా, 35 వచ్చిందా అని అవే మూడు ప్రశ్నలు ఆరుసార్లు. చిన్నీ, వంద దాటితే ఒప్పుకోకుండా సరిచేశానని మొన్న ఫోన్‌లో చెప్పావు కదా, సరిచేసింది ఐదు చోట్లే. సోషల్‌కి 135 వేస్తే ఇప్పటికీ పాస్ అంటోంది. నువ్వు శ్రద్ధ పెట్టలేదని కాదమ్మా. ఒకే సంగతి ఆరు చోట్ల ఉంటే ఆరు చోట్లా గుర్తుపెట్టుకుని మార్చడం ఎవరికైనా కష్టమే, అందుకే దాన్ని ఒక్కచోట రాసి, పేరు పెట్టి, కావాల్సినప్పుడల్లా ఆ పేరుతో పిలుస్తాం. ఫంక్షన్ అన్నా, పాతవాళ్ళు సబ్‌రూటీన్ అన్నా ఇదే.

నానమ్మ భజనకి పట్టుకెళ్ళే పాటల పుస్తకం తీసి చూడండి. పల్లవి పైన ఒక్కసారే ఉంటుంది. ప్రతి చరణం చివర రెండు నిలువు గీతల మధ్య పల్లవిలో మొదటి మాట మాత్రం వేసి వదిలేస్తారు. పాడేవాళ్ళు అది చూడగానే పైకి వెళ్ళి పల్లవి పాడి, మళ్ళీ కిందికొచ్చి తర్వాతి చరణం అందుకుంటారు. ఎక్కడికి తిరిగి రావాలో వాళ్ళకెలా తెలిసింది? ఏ చరణం నుంచి వెళ్ళారో గుర్తుంది కాబట్టి. మనకది తేలికే, మిషన్‌కి మాత్రం నేర్పాల్సి వచ్చింది. 1949లో కేంబ్రిడ్జ్‌లో ఎడ్సాక్ అనే కంప్యూటర్ నడవడం మొదలైనప్పుడు అక్కడ చదువుకుంటున్న డేవిడ్ వీలర్ అనే కుర్రాడు దీనికో ఉపాయం కనిపెట్టాడు. పిలిచే ప్రోగ్రాం తానెక్కడి నుంచి పిలుస్తోందో చెప్పి మరీ సబ్‌రూటీన్‌లోకి దూకుతుంది, సబ్‌రూటీన్ ఆ సంగతితో తన చివరి లైన్‌ని తానే మార్చి రాసుకుంటుంది, పని అయ్యాక ఆ లైన్ మీదుగా సరిగ్గా పిలిచిన చోటికే వెనక్కి వస్తుంది. అలాంటి సబ్‌రూటీన్లను కాగితపు టేపుల మీద గుచ్చి ఒక లైబ్రరీగా దాచుకునేవాళ్ళు, ఎవరికి ఏది కావాలంటే అది తీసి తమ టేపులోకి ఎక్కించుకునేవాళ్ళు. మీరు ప్రోగ్రాం రాసే పైథాన్ భాషలో, ముందే రాసి ఉంచిన ఫంక్షన్లను తెచ్చుకోడానికి ఇంపోర్ట్ అని రాసేది ఆ పనికి వారసత్వమే. నాకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

ఇప్పుడు మీ ప్రోగ్రాం సంగతి. ఆ ఎనిమిది లైన్లూ ఒక ఫంక్షన్‌లో పెట్టండి, మార్కుని బయట నుంచి ఇవ్వండి. అంతటితో ఆగొద్దు. హిందీకి పాస్ మార్కు 20 కదా, మీరు అక్కడ కూడా 35 అనే ఉంచేశారు. పాస్ మార్కుని కూడా పారామీటర్ చేసి, అంటే పిలిచేటప్పుడు బయట నుంచి ఇచ్చే విలువగా పెట్టి, ఏమీ చెప్పకపోతే 35 అని ముందే రాసి ఉంచితే, హిందీని పిలిచేటప్పుడు మాత్రం 20 ఇస్తే చాలు, ఫంక్షన్ లోపల హిందీ అన్న మాటే అక్కర్లేదు. మంచి ఫంక్షన్ అంటే నా లెక్కలో ఇదే: తనకి కావాల్సినవన్నీ గుమ్మంలోనే అడిగి తీసుకుంటుంది, జవాబు చేతికి ఇస్తుంది, ఇంట్లో మిగతా వస్తువుల జోలికి పోదు.

చేతికి ఇవ్వడం అన్నాను కదా, చాలామంది పిల్లలు తడబడేది ఇక్కడే. ఫంక్షన్ లోపల పాస్ అని ప్రింట్ చేస్తే అది తెర మీద కనిపిస్తుంది, మీకు కనిపించింది కాబట్టి ప్రోగ్రాంకీ తెలిసిందనుకుంటారు. తెలీదు. జవాబుని పిలిచిన చోటికి పంపే రిటర్న్ అనే మాట రాయకపోతే పైథాన్ వెనక్కి తెచ్చేది నన్ అనే ఖాళీని. రేపు ఎన్ని సబ్జెక్టులు పాసయ్యారో లెక్కపెట్టాలంటే ఆ ఖాళీలతో ఏం లెక్కపెడతారు? జవాబు రిటర్న్ చేయండి, ప్రింట్ చేయాలో వద్దో పిలిచినవాళ్ళు చూసుకుంటారు.

బుజ్జీ, కంప్యూటర్‌కి ఆదేశాలు వరసగా రాసిచ్చే బ్యాష్ స్క్రిప్టుల దగ్గర మాత్రం జాగ్రత్త, అక్కడ రిటర్న్ అంటే వేరు. పని సరిగ్గా అయిందా లేదా అని చెప్పడానికి 0 నుంచి 255 లోపు ఒక అంకె, అంతే. 600కి నీకొచ్చిన 540 మార్కులు రిటర్న్ చేశావనుకో, బయట 28 అని కనిపిస్తుంది, ఎందుకంటే 256 చొప్పున తీసేయగా మిగిలింది అదే. అక్కడ జవాబుని ఎకో అనే ఆదేశంతో బయటికి రాసి, పిలిచిన చోట ఆ రాతని పట్టుకోవాలి.

ఇంకో సంగతి, ఇది నేను అనుభవించింది. అప్పుడు పనిచేసే చోట 12 బ్రాంచీల లెక్కల ఫైళ్ళు రాత్రిపూట తెచ్చే స్క్రిప్ట్ రాశాను. బయట లూప్‌లో, అంటే ఒక్కో బ్రాంచ్‌కీ అదే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే చోట, బ్రాంచ్ నంబర్‌కి ఐ అని పేరు పెట్టాను. ఫైల్ తెచ్చే ఫంక్షన్‌లో ఎన్నోసారి ప్రయత్నిస్తున్నామో లెక్కపెట్టడానికి కూడా ఐ అనే పెట్టాను. బ్యాష్‌లో లోకల్ అని, అంటే ఈ పేరు ఈ ఫంక్షన్ లోపలిదే అని చెప్పకపోతే, రెండూ ఒకటే వేరియబుల్, విలువ దాచుకునే ఒకే డబ్బా. మొదటి బ్రాంచ్ ఫైల్ వచ్చింది, రెండోది వచ్చింది, మొదటి ప్రయత్నంలోనే వచ్చింది కాబట్టి ఐ మళ్ళీ 1 అయింది, బయట లూప్ ఒకటి కలిపి 2 అంది. తెల్లారేదాకా రెండో బ్రాంచ్ ఫైలే వస్తూ ఉంది, మూడు నుంచి పన్నెండు దాకా ఒక్కటీ రాలేదు. ఎర్రర్ కూడా ఏమీ లేదు. పొద్దున్నే అందరూ లెక్కల కోసం కూర్చుంటే నాకొచ్చిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. చివరికి మార్చింది ఏంటంటే ఫంక్షన్ మొదట్లో లోకల్ అనే ఒక్క మాట చేర్చడం.

పేర్లు కూడా చూసుకోండి. ఎఫ్1, ఎఫ్2 అని పెట్టొద్దు, ఏం చేస్తుందో ఆ పనే పేరుగా పెట్టండి. సరైన పేరు తట్టకపోతే సాధారణంగా ఆ ఫంక్షన్ రెండు మూడు పనులు నెత్తిన వేసుకుందని అర్థం. అలాగని ప్రతి రెండు లైన్లకీ ఒక ఫంక్షన్ చేయక్కర్లేదు, నేనైతే మూడోసారి అతికించబోయేటప్పుడు ఆగి ఫంక్షన్ చేస్తాను.

ఈ ఆదివారం కూర్చుని మార్చి పంపండి. పంపే ముందు హిందీలో 22, లెక్కల్లో 34, సోషల్‌లో 135 ఇచ్చి నడిపి, ఏమొచ్చిందో నాకు ఫోన్ చేసి చెప్పండి.

మీ పెదనాన్న