పారాచూట్‌కు ఇచ్చిన బరువు ఇంజన్‌కు ఎందుకివ్వరు?

2025 జులైలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ చిన్న విమానాల నిబంధనలను బాగా సడలించింది. మోజాయిక్ పేరుతో వచ్చిన ఆ మార్పుల్లో స్పోర్ట్ విమానాలకున్న 1,320 పౌండ్ల బరువు పరిమితి పోయింది. వాటికంటే తేలికైన, ఒక్కరే ఎగిరే అల్ట్రాలైట్ల జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. దాంతో ఇంట్లో విమానం కట్టుకునేవాళ్ల పాత గొడవ అక్కడే ఉండిపోయింది: గడ్డి కోసే మెషీన్ల ఫోర్-స్ట్రోక్ ఇంజన్ బిగించుకునేలా అల్ట్రాలైట్ల బరువు పరిమితి పెంచాలా, వద్దా?

ఈ చిక్కంతా 1982లో అల్ట్రాలైట్ల కోసం ఎఫ్ఏఏ తెచ్చిన పార్ట్ 103 అనే నిబంధనతో పడింది. ఒక్క సీటు, 5 గ్యాలన్ల పెట్రోలు, ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు, అంటే 115 కిలోలు. అంతలో ఉంటే లైసెన్సు, మెడికల్ సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్ ఏదీ అక్కర్లేదు. అప్పటికి ఏడేళ్ల ముందే, 1975లో, జాన్ మూడీ హ్యాంగ్ గ్లైడర్‌కు చిన్న ఇంజన్ కట్టి, కాళ్లతో పరిగెత్తి గాల్లోకి లేచాడు. ఆ ఊహకు సరిపోయే అంకె ఈ 254.

115 కిలోల్లో రెక్కలు, చక్రాలు, సీటు పోగా ఇంజన్‌కు మిగిలేది కొంచెమే. అందుకే అందరూ తేలికైన టూ-స్ట్రోక్ వైపు మళ్లారు. దాంతోనే టెన్షన్. పెట్రోలు పాలు కాస్త తగ్గి గాలి ఎక్కువైతే చాలు, పిస్టన్ వేడెక్కి ఉబ్బి సిలిండర్‌కు పట్టేస్తుంది, ప్రొపెల్లర్ ఠక్కున ఆగిపోతుంది. తన టూ-స్ట్రోక్ ఇంజన్ డిజైన్ రీత్యానే హఠాత్తుగా ఆగిపోవచ్చని, ఇంజన్ లేకుండా దిగలేని చోట ఎగరొద్దని ఇంజన్లు తయారుచేసే రోటాక్స్ కంపెనీ తన మాన్యువల్‌లోనే రాసింది.

గడ్డి మెషీన్లలో వాడే ఫోర్-స్ట్రోక్ వీ-ట్విన్, అంటే రెండు సిలిండర్లు V ఆకారంలో ఉండే ఇంజన్, అలా కాదు. 3,600 ఆర్‌పీఎం దగ్గర గంటల తరబడి పనిచేసేలా చేసిన ఇంజన్ అది. ధర తక్కువ, విడిభాగాలు తేలిగ్గా దొరుకుతాయి. బాధల్లా బరువుతోనే. అందుకని వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ పీకేస్తారు, బరువైన ఫ్లైవీల్ తీసి తేలికది వేస్తారు, సైలెన్సర్ మార్చేస్తారు. ఏ నమ్మకం చూసి ఆ ఇంజన్ కొన్నారో, దాన్నే కొంత కోసి పక్కన పెట్టినట్టవుతుంది.

తేలిక కాబట్టే ప్రభుత్వం వదిలేసింది, బరువు కావాలంటే ఎక్స్‌పెరిమెంటల్ (ప్రయోగాత్మక) విమానంగా రిజిస్టర్ చేసుకోండని పరిమితి పెంచొద్దనేవాళ్లు అంటారు. ఆ దారి ఉంది, నిజమే. కానీ అదే ఎఫ్ఏఏ, విమానం మొత్తాన్ని దించే పారాచూట్ పెట్టుకుంటే 24 పౌండ్లు లెక్కలోంచి మినహాయిస్తోంది. భద్రత కోసం బరువు వదలొచ్చని ఒప్పుకున్నట్టే కదా. టేకాఫ్ అయిన వెంటనే, చెట్ల ఎత్తులో ఇంజన్ పట్టేస్తే, ఆ పారాచూట్ తెరుచుకునేంత ఎత్తు కూడా ఉండదు.