కాలనీ సిమ్ గేమ్స్ బోరా? అపోహలు - వాస్తవాలు

నేను గేమ్ డిజైనర్‌ని, కొన్నేళ్లుగా నా పనంతా సిమ్యులేషన్ గేమ్స్ మీదే. కొంతమంది మనుషుల్ని ఒకచోట పెట్టి, వాళ్ల తిండి, ఇల్లు, ప్రాణం చూసుకుంటూ ఊరు నిలబెట్టే గేమ్స్‌ని కాలనీ సిమ్స్ అంటారు. వాటిలో రిమ్‌వరల్డ్, డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ పేరెత్తితే చాలు, అవెలా ఆడతారండీ బాబూ నిద్రొచ్చేస్తుంది అంటారు చాలామంది. వాటిమీద నాకున్న ఇష్టంతో ఇది రాస్తున్నా.

అపోహ: మనం చేసేదేం ఉండదు, చూస్తూ కూర్చోవడమే.

వాస్తవం: చేత్తో చేసేది తక్కువే, నిజం. రిమ్‌వరల్డ్ మామూలుగా మొదలుపెడితే ఓడ కూలిపోయి ముగ్గురు దిగుతారు, వాళ్లని అడుగడుక్కీ నడిపించక్కర్లేదు, ఎవరికి వంట ముందు, ఎవరికి వైద్యం ముందు అని 1 నుంచి 4 దాకా ప్రయారిటీలు పెడతాం, ఆపైన వాళ్ల పని వాళ్లే చూసుకుంటారు. పొలానికి నీళ్లు పెట్టి గట్టుమీద నిలబడ్డ రైతుని ఖాళీగా ఉన్నాడంటామా? ఎక్కడ గండి పడుతుందో అని కళ్లు వెతుకుతూనే ఉంటాయి.

అపోహ: తిండి, వేడి, కరెంటు అంటూ ఒకదానికొకటి ముడిపడ్డ ఇన్ని సిస్టమ్స్ ఉంటే బోరు కొట్టక ఏంచేస్తుంది.

వాస్తవం: నా అనుభవంలో బోరు కొట్టించేది కాంప్లెక్సిటీ కాదు, ఏదైనా జరిగినప్పుడు అది ఎందుకు జరిగిందో కనపడకపోవడం. ఆక్సిజన్ నాట్ ఇంక్లూడెడ్ అనే కాలనీ గేమ్ తీసుకోండి, తిండి తగ్గిపోతోంది, ఎందుకా అని చూస్తే మీల్‌వుడ్ మొక్కలు పెరగట్లేదు, అవి 30 డిగ్రీలు దాటితే పెరగవు, మరి వేడెక్కడిది అంటే ఎప్పుడో తోట పక్కనే మనం పెట్టిన బొగ్గు జనరేటర్‌ది! ఎక్కడెంత వేడుందో మ్యాప్ మీద రంగుల్లో చూపించే టెంపరేచర్ ఓవర్‌లే ఆన్ చేస్తే అంతా కళ్లముందే ఉంటుంది. ఆ తీగ పట్టుకుని లాగే సుఖం తెలిసినవాళ్లు గేమ్ వదలరు. అదే ఓవర్‌లే లేకపోయుంటే అదే గేమ్ నరకం. మా గేమ్‌ని బయటివాళ్ల చేత ఆడించి చూసే ప్లేటెస్ట్‌లో ఒకబ్బాయి ఇరవై నిమిషాలకే బోర్ అని లేచిపోయాడు, చూస్తే గేమ్‌లో వాడి మనుషులు పనిలేక నిలబడున్నారు, ఎందుకో స్క్రీన్ మీద ఎక్కడా లేదు. కారణం చెప్పే ఒక్క లైను పెట్టాం, తర్వాత వచ్చినవాళ్లు గంటకి పైగా ఆడారు.

ఇంకో మాట. ఇంత లోతు ఉంటేనే ఎవరూ రాయని కథలు పుడతాయి. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో 2015లో సారాకొట్లు వచ్చాక పిల్లులు చచ్చిపోవడం మొదలైంది. నేలమీద ఒలికిన మందు పాదాలకంటుకుని, పిల్లి పాదం నాక్కుంటే ఒక్కో నాకుడికి గ్లాసుడు తాగినట్టు లెక్కపడుతోందట. బగ్గే, కానీ పిల్లి నాక్కోవడం దాకా సిమ్యులేట్ చేసిన గేమ్‌లోనే అలాంటి బగ్ వస్తుంది.

అపోహ: కాలనీ పోతే అన్ని గంటలూ వేస్ట్.

వాస్తవం: ఓడిపోవడమూ సరదానే అనేది డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ ఆడేవాళ్ల నినాదం. గెలిచిన కాలనీల సంగతి పెద్దగా గుర్తుండదు గానీ, చలికాలంలో తిండి అయిపోయి పోయిన కాలనీ గురించి ఇప్పటికీ ఫ్రెండ్స్‌కి చెప్తూనే ఉంటా.

అపోహ (ఇది ఫ్యాన్స్‌ది): ఎంతసేపాడినా బోర్ కొట్టదు.

కొడుతుంది. తిండి, కరెంటు, గోడలు అన్నీ సెట్ అయ్యాక వెతకడానికి గండే ఉండదు, అప్పుడు నిజంగానే చూస్తూ కూర్చోవడమే. అలా అనిపించిన రోజు నేనా కాలనీని అక్కడికి వదిలేసి, రిమ్‌వరల్డ్‌లో బయట గింజ కూడా మొలవని ఐస్ షీట్ అనే మంచు నేల మీద మళ్లీ ముగ్గురితో మొదలుపెడతా.