రిలీవింగ్ లెటర్ ఉంటే సరిపోతుందా? కెనడా పీఆర్ రిఫరెన్స్ లెటర్లపై అపోహలు - వాస్తవాలు

కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) ఫైళ్లు చూడటం నా వృత్తి. పాయింట్లను బట్టి ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, పీఆర్‌కు దరఖాస్తు చేసుకోమని ఇన్విటేషన్ వచ్చిందని సంతోషంగా ఫోన్ చేసేవాళ్లను ముందుగా రిఫరెన్స్ లెటర్ల గురించే, అంటే మీరు ఏం పని చేశారో కంపెనీ రాసిచ్చే లేఖల గురించే అడుగుతాను. "అన్ని కంపెనీల రిలీవింగ్ లెటర్లూ ఉన్నాయి మేడం" అంటారు. ఈ జవాబు దాదాపు ప్రతి వారం వింటున్నాను.

అపోహ: రిలీవింగ్ లెటరో, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్టో ఉంటే చాలు.

వాస్తవం: చాలదు. మన కంపెనీలు ఇచ్చే కాగితంలో పేరు, హోదా, చేరిన తేదీ, మానేసిన తేదీ, చివర శుభాకాంక్షలు తప్ప ఇంకేమీ ఉండవు. మీ ఫైలు చూసే కెనడా ఇమిగ్రేషన్ ఆఫీసరుకు కావలసింది మీరు రోజూ ఏం పని చేశారన్నది. మీరు ఎంచుకున్న ఎన్‌ఓసీ (ఉద్యోగాలను వర్గీకరించే కెనడా జాబితా) కోడ్‌లోని విధులతో ఆ పనినే పోల్చి చూస్తారు. హోదా 'సీనియర్ అసోసియేట్' అని ఉంటే దాన్నిబట్టి ఎవరికైనా ఏం తెలుస్తుంది? పని వివరం లేకపోతే ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోకపోవచ్చు. అప్పుడు దానికి వచ్చిన పాయింట్లు పోతాయి, ఫైలు రిజెక్ట్ కావచ్చు, కట్టిన ప్రాసెసింగ్ ఫీజూ పోవచ్చు.

రిఫరెన్స్ లెటర్ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. కంపెనీ చిరునామా, ఫోన్, ఈమెయిల్, మీ సూపర్‌వైజర్ లేదా హెచ్ఆర్ అధికారి పేరు, హోదా, సంతకం కావాలి. అక్కడ మీరు చేసిన హోదాలన్నీ రాయాలి. ఒక్కోదానికి తేదీలు, విధులు, వారానికి పని గంటలు, ఏడాది జీతం, ఇతర సదుపాయాలు చూపించాలి. ప్రమోషన్ వచ్చినవాళ్లు చాలామంది చివరి హోదా ఒక్కటే రాయించుకుని వస్తారు. గంటల సంగతి మరీను. "ఫుల్‌టైమేనని అందరికీ తెలుసు కదా" అంటారు. వారానికి 30 గంటలు ఉంటేనే ఫుల్‌టైమ్ లెక్క, అది కాగితం మీద కనిపించాలి.

ఇన్విటేషన్ వచ్చాక మీకున్న గడువు 60 రోజులు. అందులోనే పోలీస్ క్లియరెన్స్, బ్యాంకు కాగితాలు అన్నీ సిద్ధం కావాలి. పాత కంపెనీ హెచ్ఆర్ మీ మెయిల్‌కు జవాబిచ్చేసరికే సగం రోజులు గడిచిపోతాయి. అందుకే ఇన్విటేషన్ కోసం ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రొఫైల్ వేసేటప్పుడే లెటర్లు అడగడం మొదలుపెట్టండి.

అపోహ: కంపెనీ మూతపడితే, లేదా లెటర్ ఇవ్వనంటే, ఆ అనుభవం పోయినట్టే.

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ ఎంతమందిని ఏడిపించిందో. హన్మకొండ నుంచి ఒక అకౌంటెంట్ అమ్మాయి ఫోన్‌లోనే ఏడ్చేసింది. మొదట పనిచేసిన సంస్థ ఎప్పుడో మూతపడిందట, ఎవరో వాట్సాప్ గ్రూపులో ఇక ఆశ లేదన్నారట. తన దగ్గర ఏమేం కాగితాలున్నాయో ఒక్కొక్కటిగా అడిగాను. ఆఫర్ లెటర్, జీతం స్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ పాస్‌బుక్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ దాచుకుంది. అప్పటి మేనేజరు తాను ఆ అమ్మాయిపై అధికారిగా ఉన్నానని, ఆమె చేసిన పనులు ఇవని సంతకంతో రాసిచ్చారు. లెటర్ ఎందుకు దొరకలేదో వివరిస్తూ ఒక లేఖ జత చేశాం. ఆ అనుభవం లెక్కలోకి వచ్చింది. కంపెనీ నడుస్తూనే ఉండి ఇవ్వనంటే, మీరు అడిగిన మెయిళ్లు, వాళ్లు కాదన్న జవాబు కూడా జత చేయండి. ఇలాంటి ఫైళ్లలో తుది నిర్ణయం ఆఫీసరుదే. కానీ ప్రయత్నించకుండా వదిలేయకండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సహోద్యోగి నోటరీ అఫిడవిట్ ఒక్కటే పెట్టి ఊరుకోకండి, దానికి జీతం ఆధారాలు తోడవ్వాలి. ఎన్‌ఓసీ వెబ్‌సైట్‌లోని విధులను అక్షరం పొల్లుపోకుండా దించితే ఆఫీసరుకు అనుమానం వస్తుంది, మీరు చేసిన పనే మీ మాటల్లో రాసి మేనేజరుకు చూపించండి. డబ్బు తీసుకుని లెటర్ 'తయారుచేసి' ఇస్తామనే ఏజెంట్ల గడప తొక్కకండి. ఆఫీసర్లు కంపెనీకి నేరుగా ఫోన్ చేసి అడగవచ్చు. తప్పుడు పత్రమని తేలితే 5 ఏళ్లు కెనడాలో అడుగుపెట్టనివ్వరు. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగానికి కూడా లెటర్ కావాలి, అందులో మీరు ఇంకా పనిచేస్తున్నట్టు స్పష్టంగా ఉండాలి.