నౌపడ ఉప్పు: పోర్టు కంటే ముందే తగిలిన దెబ్బ

శ్రీకాకుళం జిల్లా మూలపేట పోర్టు మాట వచ్చినప్పుడల్లా అదే జిల్లాలోని నౌపడ ఉప్పు భూముల మాటా లేస్తుంది. పరిశ్రమలకు ఇచ్చేయొచ్చని కొందరు, ఉప్పు పండించే మడుల జోలికి రావద్దని కొందరు. ఉప్పు సత్యాగ్రహం కథ అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. ఈ గొడవ మూలం కిరాణా కొట్లో అమ్మే పొడి ఉప్పు ప్యాకెట్‌లో ఉంది.

అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మకూడదని 1998 మేలో కేంద్రం నిషేధం పెట్టింది. 2000లో ఎత్తేసింది. 2006 మేలో మళ్ళీ పెట్టింది. గాయిటర్ (మెడ దగ్గర వాపు జబ్బు) రాకుండా ఉండాలంటే అయోడిన్ కావాలి, కాదనలేం. కానీ నాలుగు మడులున్న మనిషి అయోడిన్ కోసం పొటాషియం అయోడేట్ చల్లే మిషను, ప్యాకింగు, ల్యాబ్ పరీక్ష ఎక్కణ్ణుంచి తెస్తాడు? గట్టు మీద కుప్పపోసి, తాటాకులు కప్పి, బస్తాల్లో అమ్ముకున్న కల్లుప్పు ఎండుచేపలకో తోళ్ళకో పనికొచ్చే సరుకైపోయింది. (ఆవకాయకు మాత్రం మా ఇళ్ళలో ఇప్పటికీ అదే వాడతారు. చట్టం జాడీలోకి తొంగిచూడదు.)

దానికి తోడు ఎడారితో పోటీ. గుజరాత్‌లోని ఉప్పు ఎడారి చిన్న రణ్‌లో అగరియాలు (అక్కడ ఉప్పు పండించేవాళ్ళు) సముద్రపు నీటి కోసం చూడరు, భూమి అడుగున ఉన్న ఉప్పునీటినే తోడతారు. నీటి చిక్కదనం కొలిచే బోమే మీటరులో సముద్రపు నీరు సుమారు 3 డిగ్రీలు చూపిస్తుంది. ఉప్పు గింజ కట్టాలంటే 25 దాకా చిక్కబడాలి. రణ్ నీరు పైకొచ్చేసరికే 10 దాటి ఉంటుంది. ఆ మొదటి మెట్లన్నీ మనవాళ్ళు ఎండతోనే ఎక్కాలి. జనవరి నుంచి జూన్ దాకా ఉండే సీజన్‌లో ఒక్క అకాల వాన పడితే మడి మళ్ళీ మొదటికొస్తుంది. దేశంలో తయారయ్యే ఉప్పులో ముప్పాతిక పైగా గుజరాత్‌దే. రాజస్థాన్‌లో నాగౌర్, బికనీర్ వైపు నేల లోపల రాతి ఉప్పు పొరలున్నాయి. వాటితో పాటు ఉన్న పొటాష్‌ను (ఎరువులకు వాడే లవణం) నీళ్ళు పంపి కరిగించి తోడే వీలుందేమో చూడటానికి 2021లో ఒప్పందం కూడా జరిగింది. ఉప్పున్న నేలకు అక్కడ అంత విలువ.

ఇక్కడేమో సాగు ఆగిన మడికి ‘ఖాళీ భూమి’ అని పేరు పడింది. ఇదే జిల్లాలో కాకరాపల్లి థర్మల్ ప్లాంటు వచ్చినప్పుడు వినిపించిందీ అదే మాట: ఎందుకూ పనికిరాని నేల. ఊళ్ళవాళ్ళు దాన్ని తంపర అంటారు. చేపలు దొరికేది అందులోనే. వానాకాలం వరద నిలిచేదీ అక్కడే. తేలినీలాపురం వచ్చే వలస పక్షులకు మేత దొరికేదీ ఆ పరిసరాల్లోనే. ప్లాంటు వద్దని ఊళ్ళవాళ్ళు ఎదురుతిరిగితే, 2011 ఫిబ్రవరి 28న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి.

1900లో పర్లాకిమిడి చిన్న రైలు బయల్దేరింది నౌపడ నుంచే. ఇప్పుడు టెక్కలిలో ఏ కొట్టుకెళ్ళి ఉప్పడిగినా ప్యాకెట్టే చేతికిస్తారు. వెనక్కి తిప్పితే చిరునామా చాలాసార్లు గుజరాత్‌దే.