పాటల హార్డ్‌డిస్కు చుట్టూ అపోహలు - వాస్తవాలు

విశాఖలో పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ సౌండు పెట్టడం మా పని. దాని పక్కనే ఇంకో పని పెరిగింది. ఇళ్ళలో పేరుకుపోయిన క్యాసెట్లు, సీడీలు, పాత హార్డ్‌డిస్కులు తెచ్చిస్తే పాటలన్నీ కంప్యూటర్లో ఒక దారికి తెచ్చి ఇస్తుంటాను. స్టీల్‌ప్లాంటులో రిటైరైన పెద్దవాళ్ళు వస్తారు, ఎంవీపీ కాలనీ నుంచి సంగీతం టీచర్లు వస్తారు, గాజువాక డీజే కుర్రాళ్ళు వస్తారు. ఎవరొచ్చినా చెప్పే మాటలు దాదాపు అవే. వాటిలో సగం తప్పు. ఆ సగం గురించే ఇది.

“నా దగ్గర రెండు టీబీల పాటలున్నాయి గురూ!”

ఉంటే ఉండొచ్చు. జీబీల లెక్క పాటల లెక్క కాదు. 128 కేబీపీఎస్ (సెకనుకి 128 కిలోబిట్లు) ఎంపీత్రీ నిమిషానికి దాదాపు 1 ఎంబీ తింటుంది. 320 అయితే 2.4 ఎంబీ. సీడీలోంచి నేరుగా తీసిన వేవ్ ఫైలు నిమిషానికి 10 ఎంబీలు దాటుతుంది. అంటే అయిదు నిమిషాల పాట ఒకచోట 5 ఎంబీ, ఇంకోచోట 50 ఎంబీ. పైగా ఒకే పాట ‘ట్రాక్ 01’ అనీ, ‘న్యూ ఫోల్డర్ 2’లో మళ్ళీ అనీ, ఏదో వెబ్‌సైటు పేరు తోకగా తగిలించుకునీ మూడు నాలుగు చోట్ల కూర్చుని ఉంటుంది.

నేను వాళ్ళనొకటే అడుగుతాను: “ఇందులో సుశీల పాడినవి, 1960కి ముందొచ్చినవి మాత్రం చూపించండి.” అర నిమిషంలో తెర మీదికి రాకపోతే అది సేకరణ కాదు, గోడౌను.

అపోహ: ఫోల్డర్లు చక్కగా సర్దుకుంటే చాలు

నా దృష్టిలో అన్నిటికన్నా నష్టం చేసేది ఇదే, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

ఫోల్డరంటే చిరునామా. ఒక ఫైలు ఒక చిరునామాలోనే ఉంటుంది. పాటేమో ఒకేసారి ఫలానా సినిమాది, ఫలానా గాయనిది, ఫలానా సంగీత దర్శకుడిది, ఫలానా కవిది, ఒక్కోసారి ఫలానా రాగానిది కూడా. ‘ఘంటసాల హిట్స్’ ఫోల్డర్లో పెడితే సినిమా ఫోల్డర్లో ఉండదు. రెండుచోట్లా పెడితే డూప్లికేటు. ఈ చిక్కు తీరేది ట్యాగులతో. ట్యాగంటే ఫైలు లోపలే రాసి ఉండే వివరాలు: పాట పేరు, పాడినవారు, ఆల్బమ్, సంవత్సరం, స్వరకర్త. ఫైలు ఎక్కడికి వెళ్ళినా ఇవి వెంట వెళ్తాయి. ట్యాగులు సరిగ్గా ఉంటే ఫోల్డర్లు ఎలా ఉన్నా నష్టం లేదు. ఎంపీత్రీట్యాగ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో, ట్యాగుల్ని చూసి ఫోల్డర్లని అదే తిరిగి సర్దేలా కూడా చేయొచ్చు.

అసలు తంటా ఎక్కడంటే, ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఒక గాయకుడో ఒక బ్యాండో ఒక ఆల్బమ్ అంతా పాడుతుందన్న లెక్కతో కట్టినవి. మన సినిమాలో ఆరు పాటలుంటే అయిదుగురు పాడతారు. ఆర్టిస్టు గడిలో గాయకుల పేర్లు రాయగానే కొన్ని ప్లేయర్లు ఆ సినిమాని అయిదు ముక్కలు చేసి చూపిస్తాయి. జనం విసిగిపోయి అన్ని పాటలకీ ‘వేరియస్’ అని కొట్టేస్తారు. దాంతో గాయకులు గల్లంతు.

మందు ‘ఆల్బమ్ ఆర్టిస్టు’ అనే వేరే గడి. నా పద్ధతి ఇది. ఆల్బమ్ ఆర్టిస్టులో సంగీత దర్శకుడు. ఆర్టిస్టులో గాయకులు, యుగళగీతమైతే ఇద్దరి పేర్లూ సెమీకోలన్‌తో విడదీసి. కంపోజర్లో మళ్ళీ సంగీత దర్శకుడు. లిరిసిస్టులో కవి. ఆల్బమ్ గడిలో సినిమా పేరు, దాని పక్కనే సంవత్సరం. సంవత్సరం ఎందుకని చాలామంది అడుగుతారు. ‘దేవదాసు’ అని 1953లో ఒకటి వచ్చింది, 1974లో ఒకటి, 2006లో ఇంకొకటి. ‘మిస్సమ్మ’ 1955లోనూ ఉంది, 2003లోనూ ఉంది. సంవత్సరం రాయకపోతే కంప్యూటర్ వాటన్నిటినీ ఒకే అట్టలో కుట్టేస్తుంది.

పేర్ల స్పెల్లింగు ఇంకో పేచీ. సాలూరి రాజేశ్వరరావు, ఎస్. రాజేశ్వరరావు, సాలూరు రాజేశ్వర్రావు మనకి ఒక్కరే, కంప్యూటర్‌కి ముగ్గురు. బాలుగారికైతే ఎన్ని రూపాలో లెక్కే లేదు. ఒక రూపం ఎంచుకుని మిగతావన్నీ ఒక్కసారిగా ఎంచి మార్చెయ్యాలి. మావైపు సేకరణల్లో ఇది మరీ ఎక్కువ కనిపిస్తుంది. సాలూరి మా ఉత్తరాంధ్ర మనిషి, సుశీలది విజయనగరం, ఘంటసాల సంగీతం నేర్చింది విజయనగరం కళాశాలలో. ఈ ముగ్గురి పాటలు లేని ఇల్లు నా దగ్గరికి ఇంతవరకూ రాలేదు.

శాస్త్రీయ సంగీతానికి ఈ పద్ధతి తిరగబడుతుంది. అక్కడ ఆల్బమ్ ఆర్టిస్టు పాడినవారే. కంపోజర్ త్యాగరాజో, దీక్షితరో. మంగళంపల్లి బాలమురళీకృష్ణ తన కృతులు తానే పాడితే రెండు గడుల్లోనూ ఆయనే. రాగం, తాళం కోసం సొంతంగా గడులు పెట్టుకోవచ్చు, మంచి ప్లేయర్లు చాలావరకు ఒప్పుకుంటాయి. రాగం పేరు పాట పేరు పక్కన ఇరికించకండి. తరవాత ‘మోహన’ అని వెతికితే మోహన్ పేరున్నవన్నీ దిగుతాయి.

“తెలుగులో పేర్లు రాస్తే డబ్బాలు డబ్బాలుగా వస్తాయట కదా?”

ఒకప్పటి మాట. ఎంపీత్రీలో మొదట వచ్చిన ట్యాగు ఫైలు చివర 128 బైట్లలో ఉండేది. పాట పేరుకి 30 అక్షరాలే చోటు, అవీ ఇంగ్లీషువే. తరవాత వచ్చిన రెండో రకం ట్యాగులో అన్ని భాషల అక్షరాలూ పట్టే యూనికోడ్ నడుస్తుంది, తెలుగు నిక్షేపంగా కూర్చుంటుంది. ఇప్పటికీ డబ్బాలు కనిపిస్తున్నాయంటే చాలాసార్లు ఆ కారు స్టీరియోలోనో, చవక రకం ప్లేయర్లోనో తెలుగు ఫాంటు లేదని అర్థం. ఫైలు తప్పు కాదు. నేను ట్యాగులు తెలుగులోనూ, ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనూ పెడతాను. ఎక్కడ పెట్టినా కనీసం ఒకటైనా చదవగలుగుతాం.

అపోహ: ప్లేలిస్టు పంపేశాం కాబట్టి పాటలు వచ్చేసినట్టే

పెళ్ళి ముందురోజు రాత్రి వాట్సాప్‌లో ఒక ఫైలొస్తుంది. “సంగీత్ పాటలన్నీ ఇందులో ఉన్నాయి అన్నయ్యా, చూసుకోండి.” సైజు చూస్తే 4 కేబీ. ఎమ్‌త్రీయూ ప్లేలిస్టంటే ఉత్త టెక్స్టు ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, వరుసగా చిరునామాలు తప్ప ఇంకేం ఉండదు: డి డ్రైవ్‌లో ఫలానా ఫోల్డర్లో ఫలానా ఫైలు. వాళ్ళ కంప్యూటర్లో డి డ్రైవ్ నా కంప్యూటర్లో ‘E’ డ్రైవ్ అవుతుంది, లేదా ఉండనే ఉండదు. మండపంలో అందరి ముందూ తెర నిండా ఎర్ర గుర్తులు.

ప్లేలిస్టులో డ్రైవ్ అక్షరంతో సహా పూర్తి చిరునామా కాకుండా, ప్లేలిస్టు ఉన్నచోటి నుంచి మొదలయ్యే చిరునామా రాసేలా సెట్టింగు మార్చుకోవాలి. మ్యూజిక్‌బీ, మీడియామంకీ లాంటి ప్లేయర్లలో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఈ వీలుంది. అప్పుడు పాటల ఫోల్డరూ ప్లేలిస్టూ ఒకే పెన్‌డ్రైవ్‌లో పక్కపక్కన పెట్టుకుని ఎక్కడికి పట్టుకెళ్ళినా పలుకుతుంది. ఫైలు పేర్లలో తెలుగుంటే చివర 8 ఉన్న ఎమ్‌త్రీయూ రకంగా దాచాలి, అది తెలుగు అక్షరాలు పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో రాస్తుంది.

‘1970కి ముందువి, భక్తి, నెలరోజులుగా వినలేదు’ అని షరతులిచ్చి చేసే ఆటో ప్లేలిస్టులకి ఇంకో తిరకాసుంది. ఆ షరతులు ఆ ప్లేయర్లోనే ఉంటాయి. ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ క్షణంలో ఉన్న పాటల జాబితా మాత్రమే బయటికొస్తుంది. మీరిచ్చిన స్టార్లు, ఎన్నిసార్లు విన్నారన్న లెక్కలు కూడా చాలా ప్లేయర్లలో ఫైల్లో ఉండవు, వాటి సొంత డేటాబేసులో ఉంటాయి. పాటలొక్కటే కొత్త కంప్యూటర్‌కి మార్చుకుని ‘నా స్టార్లేవీ’ అని వెతుక్కునేవాళ్ళు చాలామంది. ట్యాగులోకి రాయించే సెట్టింగుంటే ముందే పెట్టుకోండి.

అపోహ: 128ని 320కి మారిస్తే క్వాలిటీ పెరుగుతుంది

పెరగదు. ఎంపీత్రీ చేసేటప్పుడే కొంత శబ్దాన్ని తీసి పారేస్తారు, పారేసింది తిరిగి రాదు. మార్చినప్పుడు సైజు పెరుగుతుంది, నాణ్యత ఇంకాస్త తగ్గుతుంది. ఎంపీత్రీని ఫ్లాక్ (శబ్దంలో ఏదీ పారేయకుండా దాచే ఫైలు రకం) చేసి ‘లాస్‌లెస్’ అని పంచేవాళ్ళూ ఉన్నారు. స్పెక్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేరులో ఫైలు తెరిస్తే శబ్దం బొమ్మలా కనిపిస్తుంది, 128లో చేసినవి మామూలుగా 16 కిలోహెర్ట్‌జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతాయి. ఇంట్లో చిన్న స్పీకర్లలో తేడా తెలియకపోవచ్చు. బీచ్‌రోడ్డు హాళ్ళలో పెద్ద బాక్సుల మీద మాత్రం తాళాల మోత నీళ్ళు చిలకరించినట్టు వినిపిస్తుంది. 1950ల పాటల్లో అంత పై స్థాయి శబ్దం అసలు రికార్డింగులోనే తక్కువ కాబట్టి అక్కడ ఈ పట్టింపు కొంచెం సడలించొచ్చు.

“పాత పాట రాగానే సౌండు పడిపోతోంది, ఫైలు పాడైంది”

ఫైలు బాగానే ఉంది. కొత్త పాటల్ని మాస్టరింగులోనే, అంటే రికార్డింగుకి తుదిమెరుగులు దిద్దేటప్పుడే, బాగా నొక్కి, బిగ్గరగా వినిపించేలా చేస్తున్నారు. పాతవాటిలో హెచ్చుతగ్గులకి చోటుంచారు. అన్నిటి శిఖరాన్నీ ఒకే ఎత్తుకి తెచ్చే పీక్ నార్మలైజేషన్ దీనికి పనిచేయదు, ఎందుకంటే చెవి వినేది శిఖరాన్ని కాదు, సగటు బలాన్ని. రీప్లేగెయిన్ అనే పద్ధతి ఆ సగటుని కొలిచి, ఎన్ని డెసిబెల్స్ పెంచాలో తగ్గించాలో ట్యాగులో రాసిపెడుతుంది. శబ్దాన్ని ముట్టుకోదు. వద్దనుకుంటే తీసేయొచ్చు. ఫూబార్ అనే ప్లేయర్లో మొత్తం సేకరణని రాత్రి స్కాన్‌కి పెట్టి పడుకుంటే పొద్దున్నకి అయిపోతుంది. రీప్లేగెయిన్ చదవలేని పాత ప్లేయర్లకోసం ఎంపీత్రీగెయిన్ ఉంది, అది ఫైల్లోనే 1.5 డెసిబెల్ మెట్లుగా మారుస్తుంది. సన్నాయి మేళం అవగానే బారాత్ పాట వచ్చి పెద్దవాళ్ళు ఉలిక్కిపడే గొడవ దీంతో చాలావరకు తగ్గింది.

అపోహ: డూప్లికేట్లు తీసే సాఫ్ట్‌వేరు నడిపి ‘డిలీట్ ఆల్’ కొడితే సరి

దయచేసి కొట్టకండి. ఫైలు పేరు చూసి పోల్చేవి వేరే సినిమాల్లోని ఒకే పల్లవి పాటల్ని పట్టుకుంటాయి. బైట్లు పోల్చేవేమో ట్యాగులో ఒక్క అక్షరం తేడా ఉన్నా వేరు ఫైలంటాయి. శబ్దపు ముద్రని పోల్చే అకూస్ట్‌ఐడీ పద్ధతి వీటికన్నా నయం, పికార్డ్ లాంటి ట్యాగు సాఫ్ట్‌వేర్లు దాన్నే వాడతాయి. అదీ చివరి మాట కాదు. 78 ఆర్‌పీఎమ్ రికార్డులో ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకే పట్టేది కాబట్టి, రికార్డులో కుదించిన పాట సినిమాలో పొడుగ్గా ఉండొచ్చు, ఒక చరణం ఎక్కువ కూడా ఉండొచ్చు. నిడివిలో అయిదారు సెకన్లు మించి తేడా ఉంటే విని తీరాలి.

“షఫుల్ పాడైంది, బాలుగారివే వస్తున్నాయి”

వంద పాటల్లో అరవై ఆయనవైతే వరసగా నాలుగు రావడం విడ్డూరమేం కాదు. నిజమైన యాదృచ్ఛికం అలాగే ఉంటుంది. ఒకే గాయకుడు వెంటవెంటనే రాకుండా చూసే సెట్టింగు కొన్ని ప్లేయర్లలో ఉంది, వాడుకోండి.

అపోహ: రెండో డిస్కులో కాపీ ఉంది, ఇంక భయం లేదు

ఆ రెండో డిస్కు ఎక్కడుంది? అదే బీరువాలో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మొదటి డిస్కు తడిసిన ఇంట్లో రెండోదీ తడిసింది. సముద్రానికి దగ్గర్లో ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పట్టడం మామూలే. క్లౌడ్‌తో సింక్ చేశాం అంటారు. సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్‌లో ఇక్కడ చెరిపేస్తే అక్కడా చెరిగిపోతుంది. మూడు కాపీలు ఉంచుకోండి, రెండు రకాల పరికరాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్ళో. విజయనగరంలో అత్తగారిల్లుంటే అక్కడ. ఏడాదికోసారి తెప్పించి తెరిచి చూడాలి. ఫ్లాక్‌లో దాస్తే ఒక సౌకర్యముంది: శబ్దం తాలూకు చెక్‌సమ్ (సరిచూసుకునే అంకె) ఫైల్లోనే ఉంటుంది కాబట్టి, ఒక్క బిట్ చెడినా పరీక్షలో పట్టుబడుతుంది. పెన్‌డ్రైవునీ, కరెంటు లేకుండా ఏళ్ళతరబడి పడేసిన ఎస్ఎస్‌డీనీ దాచుకోవడానికి నమ్మకండి. అవి మోసుకెళ్ళడానికి, వాడుకోవడానికి.

క్యాసెట్ల మీద తెల్లటి బూజు కనిపిస్తే మంచి డెక్‌లో పెట్టొద్దు, హెడ్‌కి అంటుకుని తరవాతి క్యాసెట్‌కీ పాకుతుంది. ఎక్కించేటప్పుడు మైకు ఎదురుగా పెట్టి కాదు, డెక్ నుంచి వైరు పెట్టి కంప్యూటర్ లైన్-ఇన్‌లోంచి ఎక్కించాలి. అరవై నిమిషాల క్యాసెట్ వేవ్‌లో 600 ఎంబీల పైమాటే, ఈరోజుల్లో అదేం పెద్ద బరువు కాదు.

“అన్నీ నెట్‌లో ఉన్నాయిగా, ఎందుకీ పాట్లు?”

మీ ఊరి జాతరలో రికార్డు చేసిన తప్పెటగుళ్ళు ఉన్నాయా? మీ తాతగారు పట్టిన జముకుల కథ? రేడియో పక్కన కూర్చుని టేపు చేసుకున్న కచేరీ? స్ట్రీమింగ్ యాప్‌లో ఇవాళ ఉన్న పాట, హక్కుల ఒప్పందం అయిపోయిన రోజున మీ ప్లేలిస్టులో బూడిదరంగుకి మారిపోతుంది. యాప్‌ల మీద నాకు కోపం లేదు, నేనూ వింటాను. దొరకనివాటిని ముందు దాచుకోండి, దొరికేవి తరవాత.

“కారులో పాటలు వరస తప్పి వస్తున్నాయి”

చాలా కారు స్టీరియోలు అక్షర క్రమం చూడవు, పెన్‌డ్రైవ్‌లోకి ఫైళ్ళు ఎక్కిన వరసలో పాడతాయి. ఖాళీ పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, ఫైలు పేర్ల ముందు 001, 002 అని పెట్టి, వరస ప్రకారం ఒకేసారి కాపీ చేయండి. 1, 2, 10 అని పెడితే కొన్ని 1 తరవాత 10 పాడతాయి, అందుకే ఆ ముందు సున్నాలు. మధ్యలో ఒక పాట చేర్చాలంటే మొత్తం చెరిపి మళ్ళీ ఎక్కించడం తేలిక.