అయస్కాంతానికి అంటుకున్నదంతా ఒకటే ఇనుము కాదు

గాజువాక ఆటోనగర్‌లో తుక్కు కొట్టు ముందు నిలబడితే మనకు కనిపించేది తుప్పు పట్టిన ఒకే కుప్ప. కొట్టు యజమానికి మాత్రం అందులో నాలుగైదు సరుకులుంటాయి. బీడు (పోత ఇనుము) వేరు, రేకు వేరు, లేత్ తురుము వేరు, మందంగా ఉండే ప్లేట్లు, యాంగిళ్లు వేరు. దేని రేటు దానిదే.

మందం మీద ఇంత పట్టింపు ఎందుకంటే, పల్చటి రేకు బరువుకి తగ్గ ఉక్కునివ్వదు. విశాఖ ఉప్పుగాలికి సగం తుప్పై ఉంటుంది, మిగిలిందాంట్లో కొంత కొలిమిలో మండి చిట్టెంలో (కరిగిన ఉక్కు మీద తేలే మలినాల్లో) కలిసిపోతుంది. అందుకే అంతర్జాతీయ వ్యాపారంలో హెవీ మెల్టింగ్ స్క్రాప్‌ని (కరిగించడానికి అమ్మే మందపాటి తుక్కుని) రెండు రకాలు చేశారు. ఒకటో రకం సుమారు 6 మిల్లీమీటర్లు, ఆపైన మందం ఉండాలి. రెండో రకానికి 3 చాలు. మొదటిది 80 పాళ్లు, రెండోది 20 పాళ్లు కలిపిన లోడే ఎక్కువగా అమ్ముడుపోతుంది.

అన్నిటికన్నా మంచి తుక్కు బయటికే రాదు. విశాఖ ఉక్కు కర్మాగారం ఖనిజం నుంచి ఉక్కు చేసేదే అయినా, దాని కన్వర్టర్లకూ (ఇనుముని ఉక్కుగా మార్చే పెద్ద పాత్రలకూ) తుక్కు కావాలి. కరిగిన ఇనుములోకి ఆక్సిజన్ ఊదితే కార్బన్, సిలికాన్ మండి విపరీతమైన వేడి పుడుతుంది. ఆ వేడి హద్దు దాటకుండా చల్లటి తుక్కు వేస్తారు. రోలింగ్ మిల్లుల్లో కత్తిరించిన కొసలు దీనికి భేష్, ఎందుకంటే వాటిలో ఏముందో కర్మాగారానికి ముందే తెలుసు. షిప్‌యార్డులో ఓడ ప్లేట్లు కోసినప్పుడు మిగిలే ముక్కలూ దాదాపు అంతే.

లేత్ తురుము సంగతి వేరు. ఒక గుప్పెడు తీసి చూడండి: స్ప్రింగుల్లా మెలికలు తిరిగి, కోసిన వేడికి అక్కడక్కడా నీలం రంగెక్కి, కటింగ్ ఆయిల్‌తో జిడ్డుగా ఉంటుంది. కొలిమిలో పడగానే ముందు పొగే. పైగా బోలెడు చోటు తినేస్తుంది. బీడుకి ఈ బాధలేవీ లేవు గానీ, అందులో కార్బన్ మరీ ఎక్కువ, 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. మామూలు కడ్డీ ఉక్కులో అందులో సుమారు పదో వంతే ఉంటుంది.

ఇంతకీ అసలు టెన్షన్ రాగితో. కాలిపోయిన ఫ్యాన్ మోటారు అయస్కాంతానికి ఠక్కున అంటుకుంటుంది, లోపల ఇనుప పలకలున్నాయి కదా. వాటి చుట్టూ రాగి తీగ చుట్టి ఉన్న సంగతి అయస్కాంతానికేం తెలుసు? ఆ మోటారు అలాగే కొలిమిలో పడిందా, రాగి ఉక్కులో కలిసిపోతుంది. ఇక బయటికి రాదు. ఆక్సిజన్ ఊదితే సిలికాన్, మాంగనీస్ చిట్టెంలోకి పోతాయి, సున్నం తోడైతే భాస్వరమూ పోతుంది. రాగి మాత్రం కదలదు, ఆక్సిజన్‌తో కలిసే గుణం దానికి ఇనుము కన్నా తక్కువ.

దాని దెబ్బ తర్వాత తెలుస్తుంది. కడ్డీలు సాగదీయడానికి బిల్లెట్‌ని (పోతపోసిన ఉక్కు దిమ్మెని) మళ్లీ వేడి చేస్తారు. పైపైన ఇనుము పొలుసుగా మారుతుంటే, రాగి దాని కిందే పోగుపడుతుంది. అది 1085 డిగ్రీలకే కరుగుతుంది. ఆ కొలిమి అంతకన్నా వేడి. కరిగిన రాగి ఉక్కు రేణువుల సందుల్లోకి పాకుతుంది, రోలర్ల కింద పెట్టగానే పైభాగం పగుళ్లిస్తుంది. ఇంటి స్లాబు కడ్డీ 0.4 శాతం దాకా రాగిని ఓర్చుకోవచ్చు. కారు బాడీ రేకుకైతే 0.06 దాటినా కష్టమే. పాత కార్లన్నీ కరిగించి కొత్త కార్లు చేసేద్దాం అనడం అంత తేలిక కాకపోవడానికి ఇదో పెద్ద కారణం.

రాగి ఎక్కువైతే చేయగలిగింది ఒక్కటే, ఖనిజం నుంచి తీసిన, రాగి కలవని స్పాంజ్ ఐరనో, పిగ్ ఐరనో కలిపి పలచన చేయడం. అంతకన్నా కొట్టులోనే మోటారు విప్పి తీగ లాగేయడం చవక. ఆ పని సుత్తీ, ఉలీ పట్టుకుని కుర్రాళ్లు ఎలాగూ చేస్తూనే ఉన్నారు, ఉక్కు మీద ప్రేమతో కాదు, ఇనుము కన్నా రాగి రేటు ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి.